కొత్త అరేకు మారేటప్పుడు ఏ డేటా ఏ అంచెలో దిగాలి? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులవి. పాత స్టోరేజ్ అరేల (చాలా డిస్కులను కలిపి సర్వర్లకు నిల్వ అందించే పెట్టెల) మీద నడుస్తున్న వర్చువల్ మెషిన్లను (ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడి కంప్యూటర్లను) కొత్త అరేలకు తరలించడంలో వచ్చే చిక్కులే వాటన్నిటి సారాంశం కనుక, ఈసారి శీర్షికను ఆ విషయానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మాది ఒంగోలులో పొగాకు కొని, శుద్ధి చేసి ఎగుమతి చేసే సంస్థ. నలభై దాకా వర్చువల్ మెషిన్లు, మొత్తం 18 టీబీ డేటా, పాత అరే మీద ఉన్నాయి. కొత్త అరేలో వేగాన్ని బట్టి మూడు అంచెలు ఉన్నాయి: 4 టీబీ ఎస్‌ఎస్‌డీ, 14 టీబీ 10కే (నిమిషానికి పదివేల సార్లు తిరిగే) ఎస్‌ఏఎస్ డిస్కులు, 40 టీబీ ఇంకా నెమ్మదైన 7.2కే డిస్కులు. స్టోరేజ్ వీమోషన్‌తో (మెషిన్‌ను ఆపకుండా దాని డిస్కులను వేరే చోటికి మార్చే వీఎంవేర్ సదుపాయంతో) రెండు రాత్రులు తరలించేసరికే ఎస్‌ఎస్‌డీ అంచె నిండిపోయింది. అప్పటికే అక్కడికి చేరిన అకౌంట్స్ డేటాబేస్ పాత అరే మీద ఉన్నప్పటికంటే నెమ్మదిగా నడుస్తోంది. అరేను అమర్చిన ఇంజినీరు "ఆటో టియరింగ్ ఉంది కదా, దానంతట అదే సర్దుకుంటుంది" అంటున్నారు. మిగిలిన మెషిన్లను కూడా తరలించమంటారా, ఆగమంటారా?
– ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, ఒంగోలు

సమాధానం: ఆగండి. ఇంజినీరు చెప్పింది పూర్తిగా తప్పు కాదు గానీ, అది మీ ఇబ్బందిని తీర్చే మాట కాదు. ఆటో టియరింగ్ గడిచిన గంటల, రోజుల వాడకాన్ని లెక్కగట్టి, ఆ లెక్కను బట్టి పేజీలను (డేటా ముక్కలను) పైకీ కిందికీ జరుపుతుంది. ఏ బ్లాకును ఎన్నిసార్లు చదివారు, ఎన్నిసార్లు రాశారు అన్న చరిత్ర మీ పాత అరేలోనే ఉండిపోతుంది. స్టోరేజ్ వీమోషన్ మోసుకొచ్చేది డేటాను మాత్రమే. కొత్త అరే దృష్టిలో పదేళ్ల నాటి ఎగుమతి బిల్లుల స్కాన్ కాపీలూ, ఈ ఉదయం తెరిచిన లెడ్జరూ ఒకే రాత్రి రాసిన కొత్త డేటా. మీ గోదాములోకి బేళ్లన్నీ ఒకే రోజు దించితే, ఏ లాటు ముందు ఓడెక్కుతుందో ఎవరైనా చెప్తే తప్ప గోదాము గుమాస్తాకు తెలియదు. అరే పరిస్థితి కూడా అంతే. కాబట్టి ఏది ఎక్కడ దిగాలో తరలించేవారే ముందుగా చెప్పాలి.

చెప్పకపోతే ఏమవుతుందన్నది అరేను బట్టి మారుతుంది. డెల్ కంపెల్లెంట్ శ్రేణిలో వాల్యూముకు (అరే నుంచి సర్వర్‌కు కేటాయించే నిల్వ భాగానికి) సిఫారసు చేసిన స్టోరేజ్ ప్రొఫైల్‌ను అలాగే వదిలేస్తే, కొత్తగా రాసేదంతా మొదటి అంచెలో, అదీ రెయిడ్ 10లో (ప్రతిదాన్నీ రెండు డిస్కుల మీద రాసే పద్ధతిలో) పడుతుంది. అంటే 1 టీబీ డేటాకు 2 టీబీ ముడి డిస్కు ఖర్చవుతుంది. ఈఎంసీ వీఎన్ఎక్స్‌లో "పైన మొదలుపెట్టి, తరువాత ఆటో టియర్" అనే పద్ధతిలో ఉన్న లన్‌దీ (వాల్యూముకు మరో పేరు) ఇదే కథ. హెచ్‌పీఈ త్రీపార్‌లో మాత్రం వాల్యూమును ఏ సీపీజీకి (డిస్కుల రకం, రెయిడ్ పద్ధతి నిర్ణయించే సముదాయానికి) ముడిపెట్టారో రైట్లు (కొత్త రాతలు) మొదట అక్కడే దిగుతాయి. మీ రెండు రాత్రుల అనుభవాన్ని బట్టి మీ అరే మొదటి రెండింటి కోవలో పనిచేస్తోందని అనుకుంటున్నాను.

ఇక "సర్దుకుంటుంది" అన్న మాటకు ఎంత వ్యవధి పడుతుందో చూడండి. వీఎన్ఎక్స్ వాడకాన్ని గంటగంటకూ లెక్కిస్తుంది గానీ, డేటాను జరిపేది మీరు కేటాయించిన సమయంలోనే. కంపెల్లెంట్‌లో డేటా ప్రోగ్రెషన్ రోజుకొకసారి, అసలు అమరికలో సాయంత్రం 7 గంటలకు నడుస్తుంది. ఒక పేజీ కింది అంచెకు దిగడానికి దాన్ని దాదాపు 12 రోజులు ఎవరూ తాకకుండా ఉండాలి. పైగా ఆ అరేలో స్నాప్‌షాట్‌తో (ఒక క్షణంలోని డేటా స్థితిని పట్టి ఉంచే నకలుతో) స్థిరపడిన పేజీలే సాధారణంగా కిందికి కదులుతాయి. కొత్త వాల్యూములకు స్నాప్‌షాట్ షెడ్యూలు పెట్టడం మరిచిపోయి, రోజులు గడిచినా డేటా కిందికి దిగడం లేదని ఫిర్యాదు చేసేవారు చాలామంది ఉన్నారు. మీరు రాత్రికి మూడు నాలుగు టీబీలు పోస్తుంటే, రోజుకొకసారి నడిచే యంత్రాంగం ఆ వేగాన్ని అందుకోలేదు.

మీ డేటాబేస్ ఎందుకు నెమ్మదించిందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. ఎస్‌ఎస్‌డీలో చోటు లేనప్పుడు డేటాబేస్ కొత్తగా రాసేవి కింది అంచెలకు పోతాయి. అవి అన్నిటికంటే కింది అంచె దాకా పోతే, 7.2కే డిస్కు ఒక్కొక్కటి సెకనుకు 75 నుంచి 80 చిన్న రీడ్లు, రైట్లు మాత్రమే చేయగలదు. అలాంటి డిస్కులు పన్నెండు ఉన్నాయనుకుంటే మొత్తం 900. రెయిడ్ 6లో (రెండు డిస్కులు పాడైనా డేటా పోని పద్ధతిలో) చిన్నదైన ప్రతి యాదృచ్ఛిక రైటుకూ లోపల ఆరు పనులు జరగాలి కనుక, పూర్తిగా రైట్లే అయితే చేతికొచ్చేది 150. రెయిడ్ 5లో ఈ భారం నాలుగు, రెయిడ్ 10లో రెండు. ఆ 150 లోంచే మీ తరలింపు, టియరింగ్ సర్దుబాట్లు, అకౌంట్స్ విభాగం మూడూ పంచుకోవలసి వస్తుంది.

ముందుగా ఉన్నదాన్ని సరిచేయండి. ఇప్పటికే చేరిన మెషిన్లలో ఫైల్ సర్వర్లు, పాత అప్లికేషన్లు, టెస్ట్ మెషిన్లు ఉన్న లన్‌ల పాలసీని కింది అంచెకు మార్చి, స్నాప్‌షాట్ అవసరమైన అరే అయితే తీసి, టియరింగ్‌ను రాత్రంతా నడవనివ్వండి. పాలసీ మార్చిన మరుక్షణం డేటా కదలదు. తరువాతి విడతలోనే కదులుతుందని గుర్తుంచుకోండి. ఎస్‌ఎస్‌డీలో కనీసం పావు వంతు ఖాళీ కనిపించేదాకా కొత్త మెషిన్‌ను ముట్టుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం.

ఆ తరువాత తరలింపును రెండు దారుల్లో నడపండి. చాలా అరేల్లో టియరింగ్ పాలసీ లన్‌కు వర్తిస్తుంది గానీ విడి వర్చువల్ మెషిన్‌కు వర్తించదు. అందువల్ల ఏ మెషిన్ ఏ డేటాస్టోర్‌లో (లన్ మీద మెషిన్ల ఫైళ్లు ఉండే చోటులో) ఉందన్నదే అసలు నిర్ణయం. కింది అంచె పాలసీతో ఒక డేటాస్టోర్, మధ్య అంచె లేదా పై అంచె పాలసీతో మరొకటి సిద్ధం చేసుకుని, ఫైల్ సర్వర్లు, ప్రింట్ సర్వర్లు, ఆర్కైవులు మొదటిదానిలో, డేటాబేసులు రెండోదానిలో దించండి. అన్నీ చేరాక, మొదటిదాని పాలసీని మామూలు ఆటో టియరింగ్‌కు మారిస్తే చాలు. మెషిన్లను మళ్ళీ కదపనక్కరలేదు. వేడిగా ఉన్న (తరచూ వాడే) బ్లాకులు కొద్ది రోజుల్లో వాటంతట అవే పైకి చేరతాయి. నిండిపోయిన పై అంచెను ఖాళీ చేయడం కంటే, ఖాళీగా ఉన్న పై అంచెలోకి కావలసినవి ఎక్కడం అరేకు ఎంతో తేలిక.

"అన్నిటినీ కింది అంచెలోనే దించితే ఇంకా సులువు కదా" అని మీకు అనిపించవచ్చు. కాపీ వరకు అది నిజమే: తరలింపు రైట్లు పెద్దవి, వరుసగా వచ్చేవి కనుక, అరే స్ట్రైప్ (డిస్కులన్నిటి మీదా పరచిన ఒక వరుస) మొత్తాన్ని ఒకేసారి రాసేసి ఆ ఆరు రెట్ల భారాన్ని చాలావరకు తప్పించుకుంటుంది. కానీ వీస్ఫియర్ (వర్చువల్ మెషిన్లను నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్) 5.0 నుంచి స్టోరేజ్ వీమోషన్ మిర్రర్ పద్ధతిలో పనిచేస్తుంది. కాపీ నడుస్తున్నంతసేపూ మెషిన్ రాసే కొత్త రైట్లు పాత చోటా కొత్త చోటా రెండింటా పూర్తయితేనే మెషిన్‌కు జవాబు వెళుతుంది. గమ్యస్థానం నెమ్మదైతే, తరలింపు ముగియకముందే డేటాబేస్ నెమ్మదిస్తుంది. కాబట్టి ఎక్కువ రైట్లు చేసే మెషిన్లను కింది అంచెకు పంపకండి.

ఏవి ఎక్కువ రైట్లు చేసేవో ఎలా తెలుస్తుందన్నది తరువాతి మాట. వీసెంటర్ (వీస్ఫియర్ నిర్వహణ సాఫ్ట్‌వేర్) గ్రాఫులను చూసి నిర్ణయించేవారు ఒక విషయం గమనించాలి. మామూలు అమరికలో అది 5 నిమిషాల నమూనాలను ఒక్క రోజు మాత్రమే ఉంచుకుని, వారం దాటనివాటిని 30 నిమిషాల సగటుగా, నెల దాటనివాటిని 2 గంటల సగటుగా, ఏడాది దాటనివాటిని రోజు సగటుగా కుదిస్తుంది. నెలాఖరు రాత్రి ఇరవై నిమిషాలు విరుచుకుపడే జీతాల ప్రాసెసింగ్ ఆ 2 గంటల సగటులో కనబడకుండా పోతుంది. కనుక ఒక నెలాఖరు కలిసేలా రోజువారీ లెక్కలను విడిగా దాచుకుని, అప్పుడు జాబితా రాయండి.

మీ వ్యాపారానికి ప్రత్యేకమైన మరో ముప్పు ఉంది, అది ఏ కంపెనీ మాన్యువల్‌లోనూ దొరకదు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో పొగాకు బోర్డు వేలాలు ఏడాది పొడవునా సాగేవి కావు. సీజన్‌లో మీ కొనుగోళ్ల డేటాబేస్, గ్రేడుల వివరాలు, రైతుల చెల్లింపుల రికార్డులు రోజంతా వేడిగా ఉంటాయి. సీజన్ ముగిశాక నెలల తరబడి వాటిని ఆడిటర్ తప్ప ఎవరూ తెరవరు. అరేకు ఈ క్యాలెండరు తెలియదు. వేలాలు లేని నెలల్లో ఆ డేటాను నిజాయతీగా 7.2కే డిస్కులకు దించేస్తుంది. వేలం మొదలైన రోజున కొనుగోలుదారులు ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఎంట్రీలు కొడుతుంటే, అవన్నీ కింది అంచె నుంచే జవాబు చెప్పాలి; పైకి రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఆ ఒకటి రెండు రోజులే మీకు అసలైనవి. అందుచేత కొనుగోళ్ల డేటాబేస్‌కు ప్రత్యేక లన్ ఇచ్చి, వేలాల ప్రకటన రాగానే దాని పాలసీని పై అంచెకు బిగించి, సీజన్ ముగిశాక ఆటోకు వదిలేయండి. పరిమాణంలో అది పెద్దది కాకపోవచ్చు. మీ 4 టీబీ ఎస్‌ఎస్‌డీకి అది బరువు కాదు.

ప్రశ్న: నెల్లూరులో మా ఆసుపత్రి స్కాన్, ఎక్స్‌రే చిత్రాలన్నీ ఒకే వర్చువల్ మెషిన్‌లో ఉన్నాయి, సుమారు 11 టీబీ. గత ఏడాది కొత్త అరేకు మారినప్పటి నుంచి పాత చిత్రాలు కింది అంచెకు దిగవలసినంతగా దిగడం లేదు, ఎస్‌ఎస్‌డీ ఎప్పుడూ నిండుగానే ఉంటోంది. రాత్రిపూట పూర్తి బ్యాకప్, వారానికొకసారి యాంటీవైరస్ స్కాన్ నడుస్తాయి.
– ఐటీ విభాగం, నెల్లూరు

సమాధానం: జబ్బేమిటో మీ ప్రశ్న చివరి వాక్యంలోనే ఉంది. రాత్రిపూట మొత్తం 11 టీబీని చదివే బ్యాకప్, అయిదేళ్ల కిందటి మోకాలి ఎక్స్‌రేను కూడా రోజూ ఒకసారి తాకుతుంది. చదివింది డాక్టరా, బ్యాకప్ సాఫ్ట్‌వేరా అన్న తేడా చాలా అరేలకు తెలియదు. మారిన బ్లాకులను మాత్రమే చదివే ఇంక్రిమెంటల్ బ్యాకప్‌కు మారండి. వారానికి కావలసిన పూర్తి కాపీని బ్యాకప్ డిస్కుల మీదనే పాత కాపీల నుంచి కూర్చుకునే సదుపాయం నేటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఉంది. హిటాచీ డైనమిక్ టియరింగ్, త్రీపార్ అడాప్టివ్ ఆప్టిమైజేషన్ వంటి వాటిలో వాడకాన్ని ఏ వేళల్లో కొలవాలో మీరే నిర్ణయించవచ్చు. మీ అరే కూడా ఆ సదుపాయం ఇస్తే, ఓపీ నడిచే పగటి వేళలను మాత్రమే కొలతలోకి తీసుకుని రాత్రిని వదిలేయండి.

రెండో పని, ఆ మెషిన్‌ను విడదీయడం. ఆపరేటింగ్ సిస్టమ్, రోగుల ఇండెక్స్ ఉండే డేటాబేస్ ఒక వర్చువల్ డిస్కులోనూ, చిత్రాలు వేరే డిస్కులలోనూ ఉంటే, స్టోరేజ్ వీమోషన్‌లో ఒకే మెషిన్‌కు చెందిన ఒక్కొక్క డిస్కును ఒక్కొక్క డేటాస్టోర్‌కు పంపవచ్చు. అన్నీ ఒకే డిస్కులో ఉంటే ముందు మెషిన్ లోపలే వేరు చేయాలి, అది కొంత శ్రమే. డేటాబేస్ డిస్కును పై అంచెలో ఉంచి, చిత్రాల డిస్కులకు కింది అంచె పాలసీ ఇవ్వండి. రేడియాలజిస్టు పాత చిత్రం తెరిచినప్పుడు ఒకటి రెండు సెకన్లు ఆలస్యం కావచ్చు. జాబితా తెరుచుకోవడం ఆలస్యమైతేనే అందరికీ చిరాకు, అది డేటాబేస్ పని.

అరే జరిపే ముక్క పరిమాణం కూడా ఒకసారి చూసుకోండి. మొదటి తరం వీఎన్ఎక్స్ 1 జీబీ ముక్కలను, రెండో తరం 256 ఎంబీ ముక్కలను, త్రీపార్ 128 ఎంబీ ముక్కలను, హిటాచీ 42 ఎంబీ పేజీలను కదుపుతాయి. ముక్క పెద్దదయ్యేకొద్దీ, నిన్నటి ఒక్క చిత్రం కోసం దాని పక్కనున్న వందలాది పాత చిత్రాలు కూడా ఎస్‌ఎస్‌డీ ఎక్కి కూర్చుంటాయి.

ప్రశ్న: చీమకుర్తి గ్రానైట్ యూనిట్ మాది. పాత, కొత్త అరేలు రెండూ 1 గిగాబిట్ ఐస్కజీ (మామూలు నెట్‌వర్క్ మీదుగా నిల్వను అందించే పద్ధతి) మీదనే ఉన్నాయి. 8 టీబీ తరలించడానికి ఎంతసేపు పడుతుంది? మధ్యలో కరెంటు పోతే డేటా ఏమవుతుంది?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

సమాధానం: ఒక గిగాబిట్ లింకు మీద ఆచరణలో సెకనుకు 110 ఎంబీకి మించి రాదు, ఆ లెక్కన 8 టీబీకి ఎడతెగకుండా 20 గంటలు. పాత అరే నుంచి చదవడానికీ, కొత్తదానికి రాయడానికీ వేరువేరు పోర్టులు వాడితేనే ఈ అంకె. రెండూ ఒకే స్విచ్ పోర్టు గుండా పోతుంటే ఇంకా ఎక్కువే పడుతుందని అనుకోండి. ఒకే అరే లోపల కాపీని అరేకే అప్పగించే వీఏఏఐ సదుపాయం రెండు వేరువేరు అరేల మధ్య పనికిరాదు, డేటా మొత్తం హోస్టు (వర్చువల్ మెషిన్లు నడిచే సర్వర్) గుండానే ప్రవహించాలి. ఒక హోస్టు మీద ఏకకాలంలో రెండు స్టోరేజ్ వీమోషన్లకు, ఒక డేటాస్టోర్ మీద ఎనిమిదింటికి మించి వీస్ఫియర్ అనుమతించదు. మీ లింకుకు రెండు కూడా ఎక్కువే, ఒక్కొక్కటిగా పంపండి.

కరెంటు విషయంలో భయపడనక్కరలేదు. కొత్త కాపీ పూర్తయి, మెషిన్ దాని మీదకు మారేదాకా పాత డిస్కు చెరగదు. మధ్యలో హోస్టు ఆగిపోతే, మెషిన్ పాత చోటి నుంచే తిరిగి లేస్తుంది. సగంలో ఆగిన కాపీ ఫైళ్లు కొత్త డేటాస్టోర్‌లో చెత్తగా మిగిలిపోవచ్చు, వాటిని చూసి తొలగించండి. అయినా ఇరవై గంటల పనికి యూపీఎస్ బ్యాటరీని నమ్ముకోకుండా, జనరేటరు డీజిల్ చూసుకుని మొదలుపెట్టడం మేలు.

ప్రశ్న: ముత్తుకూరు దగ్గర రొయ్యల ఎగుమతి సంస్థ మాది. కొత్త అరేలో మెషిన్లను ఒక డేటాస్టోర్ నుంచి మరొకదానికి సర్దాక, డేటాస్టోర్లన్నీ కలిపితే 6 టీబీ వాడకమే కనిపిస్తోంది, అరే మాత్రం 9 టీబీ అంటోంది. మిగతా 3 టీబీ ఎక్కడ?
– ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

సమాధానం: మీరు ఖాళీ చేసిన డేటాస్టోర్లలోనే ఉంది. మెషిన్‌ను అక్కడి నుంచి తీసేసినా, ఆ బ్లాకులు ఇక అక్కరలేదని ఎవరైనా చెప్పేదాకా అరే వాటిని వాడుకలో ఉన్నవిగానే లెక్కిస్తుంది. ఆ మాట చెప్పే ఆదేశమే అన్‌మ్యాప్. వీఎంఎఫ్‌ఎస్ (డేటాస్టోర్ల ఫైల్ సిస్టమ్) 5 డేటాస్టోర్లలో దాన్ని హోస్టు మీద కమాండ్‌తో మీరే నడపాలి. 2016లో వీస్ఫియర్ 6.5తో వచ్చిన వీఎంఎఫ్‌ఎస్ 6లో అది వెనకాల దానంతట అదే జరుగుతుంది, కాకపోతే అరేకు భారం కాకుండా నింపాదిగా చేస్తుంది కనుక ఫలితం వెంటనే కనిపించదు. వీఎంఎఫ్‌ఎస్ 5ను ఉన్నచోటనే 6గా మార్చే వీలు లేదు. కొత్తగా ఫార్మాట్ చేసిన డేటాస్టోర్‌లోకి మెషిన్లను పంపడమే మార్గం. కొత్త అరేకు మారేవారికి ఇంతకంటే మంచి అదను దొరకదు, మొదటి రోజే అన్ని డేటాస్టోర్లనూ 6లో చేయండి.

ఈ మృత స్థలానికీ అంచెలకూ సంబంధం ఉంది. మీ 3 టీబీలో ఎక్కువ భాగం మొదట పై అంచెలో దిగిన రాతలే అయితే, ఎవరూ ఎన్నడూ చదవని చెత్త కొన్నాళ్లపాటు ఎస్‌ఎస్‌డీని ఆక్రమించుకుని ఉంటుంది. అరేలోనూ, వర్చువల్ డిస్కులోనూ రెండుచోట్లా థిన్ ప్రొవిజనింగ్ (రాసినప్పుడే స్థలం కేటాయించే పద్ధతి) వాడుతున్నారేమో కూడా చూడండి. వాడుతుంటే, అరే 75 శాతం నిండగానే మీ ఫోనుకు సందేశం వచ్చేలా హెచ్చరిక పెట్టడం తప్పనిసరి. పూల్ (అరేలోని ఉమ్మడి నిల్వ) పూర్తిగా నిండితే దాని మీదున్న మెషిన్లు రాయలేక ఆగిపోతాయి.

ప్రశ్న: మేము పూర్తిగా ఫ్లాష్ అరే (ఎస్‌ఎస్‌డీలు మాత్రమే ఉండేది) కొంటున్నాం. ఇక అంచెల గొడవ లేనట్టేనా?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: అరే లోపల చాలావరకు లేనట్టే. అయితే పాత డేటాను ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కో, క్లౌడ్‌కో పంపే ఏర్పాటు ఉంటే అదీ ఒక అంచే. నెట్‌యాప్ ఫ్యాబ్రిక్‌పూల్‌లో ఆటో పాలసీ ఇస్తే, మామూలు అమరికలో 31 రోజులు చల్లగా ఉన్న బ్లాకులే బయటికి వెళతాయి. అంటే మీరు తరలించిన డేటా మొత్తం మొదటి నెల ఫ్లాష్ మీదనే ఉంటుంది, ఆ మేరకు స్థలం కొనుక్కోవాలి. దానిలో ఒక మంచి లక్షణం, యాంటీవైరస్ వంటివి వరుసగా చదువుకుంటూ పోతే ఆ బ్లాకులను వేడిగా లెక్కించకపోవడం. పైన నెల్లూరు ఆసుపత్రివారి బాధ మీకు ఉండదు.

ప్రశ్న: కందుకూరులో మా సంస్థ రెండు నోడ్ల (సర్వర్ల) ఎస్‌క్యూఎల్ క్లస్టర్ డిస్కులు ఆర్‌డీఎంలుగా (అరేలోని లన్‌ను మెషిన్‌కు నేరుగా ఇచ్చే పద్ధతిలో) ఉన్నాయి. మిగతా మెషిన్లన్నీ కొత్త అరేకు వెళ్లాయి గానీ, ఇవి తరలించినట్టు చూపించినా డేటా పాత అరేలోనే ఉంది.
– ఒక పాఠకుడు, కందుకూరు

సమాధానం: అవి ఫిజికల్ మోడ్ ఆర్‌డీఎంలు అయి ఉంటాయి. వాటి విషయంలో స్టోరేజ్ వీమోషన్ చిన్న మ్యాపింగ్ ఫైలును మాత్రమే జరుపుతుంది, లన్‌ను తాకదు. వర్చువల్ మోడ్‌లో ఉన్నవాటిని మామూలు వర్చువల్ డిస్కుగా మార్చుకుంటూ తరలించవచ్చు. మెషిన్ నడుస్తుండగా ఫిజికల్ మోడ్‌కు ఆ వీలు లేదు. కొత్త అరేలో పై అంచె పాలసీతో అంతే పరిమాణమున్న లన్ చేసి, దాన్ని రెండు నోడ్లకూ కొత్త ఆర్‌డీఎంగా ఇచ్చి, క్లస్టర్‌ను ఆపి డేటాబేస్ ఫైళ్లను కాపీ చేసుకోవడం, లేదా బ్యాకప్ నుంచి అక్కడ రిస్టోర్ చేయడం మీకున్న దారులు. రెండోదాన్నే నేను ఎంచుకుంటాను. ముందురోజే పూర్తి బ్యాకప్‌ను రిస్టోర్ చేసి ఉంచుకుని, ఆపే సమయంలో చివరి లాగ్ బ్యాకప్‌ను మాత్రమే చేర్చితే, సర్వీసు ఆగే వ్యవధి నిమిషాలకు తగ్గుతుంది. పాత లన్‌ను హోస్టుల నుంచి తొలగించేది, కొత్తదాని మీద రెండు నోడ్ల మధ్య ఫెయిలోవర్ (ఒకదాని పనిని మరొకదానికి మార్చడం) చేసి చూశాకే.